అన్నయ్యను అడిగిన మాట

శ్రీకాకుళంలో స్కానింగ్ రిపోర్టు చూసి డాక్టరు గారు, "లివర్‌లో కొవ్వు చేరింది. రెండో గ్రేడు" అన్నారు. నేను మందు ముట్టనని చెప్పాను.

"మందొక్కటే కాదండీ. రోజంతా కూర్చుని, తీపి తిని, పొట్ట పెరిగినా వస్తుంది. ఇప్పుడైతే తగ్గించుకోవచ్చు."

నాకు పోయిన మా అన్నయ్య గుర్తొచ్చాడు. నరసన్నపేటలో మా బట్టల కొట్లో ఇరవై ఏళ్లు కూర్చునే ఉన్నాడు. లివర్ పాడై పొట్టలో నీరు చేరినప్పుడు, చాటుగా తాగేవాడని ఊరంతా అనుకుంది. నేనూ నమ్మాను. ఆసుపత్రిలో మంచం పక్కన నిలబడి, "నిజం సెప్పన్నయ్యా, ఎన్నాళ్ల నుంచి తాగుతన్నావు?" అని అడిగాను.

"నువ్వూ అదే అడుగుతన్నావేటిరా" అని గోడవైపు తిరిగాడు. మళ్లీ నాతో మాట్లాడకుండానే పోయాడు.

పంచదార మానేశాను, అన్నం సగం చేశాను. రోజూ పొద్దున్నే గంట నడిచాను. నడుస్తున్నంతసేపూ అన్నయ్య నా వెనకే వస్తున్నట్టుండేది. ఆరు నెలలకు రిపోర్టులో కొవ్వు మొదటి గ్రేడుకు తగ్గింది.

ఆ కాగితం వదినకు చూపించి, అన్నయ్యదీ ఇదే జబ్బయి ఉంటుందన్నాను.

"ఆయన తాగరని నాకు తెల్సు" అంది వదిన. "ఊరోళ్ల మాట ఆయన పట్టించుకోలేదు. నీ మాటే సివరిదాకా తలుసుకున్నారు."