ఎల్‌జీబీటీ క్యూలో మా మల్లిక

ముందే చెప్పేస్తున్నాను, నేను కథను లాగుతాను. సూరత్‌లో, సలాబత్‌పురాలో, చీర అంచులకు కుట్టే లేసుల దుకాణం నాది. సాగే లేసును కొలిచేటప్పుడు చెయ్యి దానంతటదే కొంచెం లాగుతుంది. ఇరవై ఏళ్లుగా అలవాటైన చెయ్యి, కథ దొరికితే ఊరుకుంటుందా? అందుకని ఇందులో ఎక్కడైనా అంకె కనబడితే సగం చేసి చదువుకోండి. ఎవరైనా ఏడ్చారని రాస్తే ముక్కు తుడుచుకున్నారని అనుకోండి. నేను చేసిన ఘనకార్యం ఒక్కటి మాత్రం లాగలేదు. దాన్ని లాగే పనే లేదు, పుట్టడమే తొమ్మిది గజాలతో పుట్టింది. పేర్లు మార్చాను. మల్లిక ఇదంతా చదివి, రెండు చోట్ల కొట్టేసి, "సరే, అచ్చేసుకో" అంది.

ఇది నాలుగేళ్ల కిందటి సంగతి. అప్పటికి నేను చిన్నవాణ్ణి, నలభై ఎనిమిదే. మా తెలుగు సంఘానికి కార్యదర్శిని. సంఘమంటే మగ్గాల పనికి తెలంగాణ నుంచి వచ్చి సూరత్‌లోనే వడోద్ పేట చుట్టుపక్కల స్థిరపడ్డ కుటుంబాలు. మా సంఘానికి ఒక జబ్బుంది, దాని పేరు సన్మానం. పదో తరగతి పాసైతే శాలువా. డ్రైవింగ్ లైసెన్సు వస్తే శాలువా. ఒకాయనకు కిడ్నీలో రాయి తీస్తే, రాయి సైజు విని ముచ్చటపడి శాలువా కప్పాం. ఆయనకే లెండి, రాయికి కాదు. బట్టల ఊళ్లో శాలువాలకు కొరత లేదు, వచ్చిన కొరతంతా భుజాలకే. ఆ ఏడాది వార్షికోత్సవం నెత్తిమీదికొచ్చింది గానీ, శాలువా వేలాడదీయడానికి ఒక్క భుజం దొరకలేదు.

అప్పుడొచ్చింది మల్లిక. మా అక్క కూతురు, పదిహేడేళ్లు, పన్నెండో తరగతి. బుధవారం మధ్యాహ్నం నేను మెడలో నలభై లేసు చుట్టలు వేసుకుని పెళ్లికొడుకులా నిలబడి ఉంటే, దుకాణంలోకి వచ్చి తలుపు దగ్గరగా వేసింది.

"మామా, నీకొక ముచ్చట చెప్పాలె. జర కూసో."

"నిలవడే వింట. చెప్పు బిడ్డా."

చాలాసేపు గోడమీది షేడు కార్డును, అందులోని రంగులను చూసింది. "మామా, నేను ఎల్‌జీబీటీక్యూ."

ఇక్కడ మీరు నా చెవి పరిస్థితి అర్థం చేసుకోవాలి. మా పిల్లలంతా అక్షరాలే చదువుతారు. ఒకడు సీఏ, ఒకతె బీబీఏ, ఎదురింటోడు జేఈఈ. అక్షరాలెన్ని ఎక్కువైతే చదువు అంత పెద్దదని మా లెక్క. అందుకని నాకు వినబడింది ఎల్‌జీబీటీ అనే ఒక భారీ పరీక్ష, దాని ముందు ఒక క్యూ.

"క్యూల ఉన్నవా?" అన్నాను.

పిల్ల ఆశ్చర్యంగా చూసింది. "నీకు ఎరుకేనా గిదంత? ఆ, క్యూనే అనుకుంట. ఇంకా పక్కా తెల్వదు."

"తొందరేంది? క్యూ అన్నంక మెల్లగ జరుగుతది."

"నీకు కోపం వస్తలేదా మామా?"

"కోపమెందుకే? నాకు గర్వంగ ఉన్నది."

గర్వమన్న మాటకు ఆ పిల్ల కళ్లల్లో నీళ్లు తిరిగాయి. ఆ మాటకు, ఇంగ్లీషులో ప్రైడ్‌కు, వాళ్లలో ఎంత బరువుందో నాకప్పుడు తెలియదు. చదువుకునే పిల్ల కదా, మెచ్చుకుంటే పొంగిపోయిందనుకున్నాను.

"మన ఖాన్‌దాన్‌ల ఇంతకుముందు ఎవరన్న ఉన్నరా?"

"ఎవ్వరు లేరు, నువ్వే ఫస్టు. నేనొకసారి కోషిష్ చేసిన గని, నాతోని కాలే."

"నువ్వా?"

"పద్దెనిమిదేండ్లప్పుడు. హైదరాబాద్ దాక పోయిన. ఆడ గేటు కాడికి పోంగనే భయమైంది, ఎన్కకు మళ్లిన." నేను చెబుతున్నది రైల్వే పరీక్ష గురించని మీకు తెలుసు, నాకూ తెలుసు. తెలియనిది ఎదురుగా నిలబడ్డ పిల్లకే.

"అత్తకు ఎరుకేనా?"

"పెండ్లిచూపులనాడే చెప్పిన. ఏం ఫరక్ పడదన్నది."

మల్లిక నన్ను గట్టిగా పట్టుకుని వెక్కి వెక్కి ఏడ్చింది. నేనూ ఏడ్చాను, పోయిన రైల్వే ఉద్యోగం గుర్తొచ్చి. మధ్యలో లేసు చుట్టలు నలిగిపోయాయి.

కళ్లు తుడుచుకుని అసలు పని చెప్పింది. వడోదరలో మూడు రోజుల లీడర్‌షిప్ క్యాంపు. "ఇంట్ల చెప్పుకోలేక లోపల్లోపల కుమిలిపోయే పిల్లలుంటరు గద మామా. వాళ్లకు తోడెట్ల ఉండాలె, గ్రూపెట్ల నడపాలె, పదిమంది ముంగట ఎట్ల మాట్లాడాలె, అన్ని నేర్పుతరు. సూరత్‌కెల్లి నన్ను సెలెక్ట్ చేసిండ్రు. నాకు పద్దెనిమిది నిండలే, బాపు సంతకం కావాలె. సోమవారం ఆఖరు. బాపుకు నేనే చెప్త. నువ్వు ఎవ్వరికి చెప్పకు."

ఇంట్లో చెప్పుకోలేని పిల్లలంటే ఫెయిలైన పిల్లలనుకున్నాను. ఎంత మంచి మనసని మురిసిపోయి, "ఎవ్వరికి చెప్ప" అని మాటిచ్చాను.

మాట తప్పలేదు. ఎవరికీ చెప్పలేదు. రాయించాను.

ఫ్లెక్సీలు వేసే హంసాబెన్ దుకాణం నా పక్క గల్లీలోనే. ఇరవై అడుగుల ఫ్లెక్సీ, నిండా మల్లిక ఫోటో, దాని కింద "ఎల్‌జీబీటీ క్యూలో ప్రథమ స్థానం సాధించిన సూరత్ తెలుగు బిడ్డకు ఘన సన్మానం" అని. ఎల్‌జీబీటీ ఒక్కటి ఇంగ్లీషు అక్షరాల్లో, మనిషంత ఎత్తున. హంసాబెన్‌కు తెలుగు రాదు, ఆ నాలుగు అక్షరాలే చదివింది. కళ్లజోడు తీసి తుడుచుకుని మళ్లీ చదివింది.

"ఏ తమారీ భాంజీ ఛే?" మేనకోడలా అని అడిగింది.

"అవును బెన్, మా అక్క బిడ్డ."

"భాయ్, తమే బహు హిమ్మత్‌వాళా ఛో." చాలా ధైర్యం గల మనిషివి అని. ఫ్లెక్సీ సైజు గురించి అంటోందనుకుని మీసం దువ్వాను. ఆమె తన తరఫున ఫోటో వెనకాల ఏడు రంగుల పట్టీ ఒకటి వేసిచ్చింది. అవి వాళ్ల జెండా రంగులని తెలియక, మా షేడు కార్డులా ఉందని అదీ మెచ్చుకున్నాను.

ఆదివారం పొద్దున హాలు నిండిపోయింది. వేదిక మీద మా అధ్యక్షుడు నర్సయ్య. సభలో ఎవరైనా నవ్వితే ఎవరు, ఎందుకు నవ్వారని ఆరా తీసే మనిషి. ఆయన పక్కన మా బావ శంకరయ్య, మల్లిక తండ్రి, పాండేసరాలో మగ్గాల మాస్టరు. మగ్గాల చప్పుడుకు చెవులు సగం పోయి, గుసగుసను కూడా ఊరేగింపులా చెబుతాడు. సన్మానం ఎవరికో ఆయనకు కూడా చెప్పలేదు. మాటంటే మాటే కదా.

బావ చేతనే తాడు లాగించాను. ఫ్లెక్సీ జారి విచ్చుకుంది. హాలు చప్పట్లతో ఊగిపోయింది.

అప్పుడే నేను గమనించాల్సింది. చప్పట్లు కొట్టినవాళ్లంతా పెద్దవాళ్లు. వెనక వరసల్లో ఇక్కడే పుట్టి పెరిగిన పిల్లలు ఒక్కరూ కొట్టలేదు. ఫోన్లు చేతుల్లోనే ఉండిపోయాయి. తలుపు దగ్గర నిలబడ్డ మల్లిక ముఖం మగ్గం దిగిన కోరా గుడ్డలా, ఒక్క రంగూ లేకుండా ఉంది.

మా ఆవిడ సరోజన మెట్లెక్కి వచ్చి నా మోచేయి పట్టుకుంది.

"గదేంది?"

"పరీక్ష."

"ఏం పరీక్ష?"

"ఎల్‌జీబీటీ."

"పరీక్ష గాదు, నీ బొంద. ఆడపిల్ల మీద మనసుపడే ఆడపిల్లలు, మొగపిల్లగాని మీద మనసుపడే మొగపిల్లగాండ్లు, పుట్టిన ఒంటికి లోపలి మనిషికి పొసగనోళ్లు, క్యూ అంటె నేనెవరో ఇంకా చూసుకుంటున్న అనేటోళ్లు, గా పిల్లలందరిని కలిపి గట్ల పిలుస్తరు. మల్లిక నాకు రెండేండ్ల కిందనే చెప్పింది."

"మరి నాకెందుకు చెప్పలే?"

"ఎందుకు చెప్పలేదో మీదికి చూడు. ఏలాడుతున్నది."

నాలో నాలుగొందల మగ్గాలు ఒక్కసారే ఆగిపోయాయి. పద్దెనిమిదేళ్ల వయసు, హైదరాబాద్, గేటు దగ్గర భయం, పెళ్లిచూపులనాడు చెప్పడం, అన్నీ వరసగా గుర్తొచ్చాయి. వేదిక దిగి మల్లిక దగ్గరికి పోయాను.

"మామా, నీకు ఎరుకనే అనుకున్న," అంది. "అంటే నువ్వు హైదరాబాద్ పోయింది..."

"రైల్వే పరీక్షకు బిడ్డా."

ఏడవబోయిన పిల్లకు నవ్వొచ్చింది. నవ్వబోయి మళ్లీ ఏడుపొచ్చింది. రెండూ గొంతులో గుద్దుకుని దగ్గొచ్చింది.

"ఏం గాదు," అన్నాను గుసగుసగా. "పెద్దోళ్లంత పరీక్షనే అనుకుంటున్నరు. గట్లనే ఉండనిద్దాం. ఫస్టొచ్చినవని శాలువా కప్పుత, మీ బాపు ఖుషీల సంతకం పెడ్తడు, నువ్వు వడోదర పో."

ఒప్పుకునేదేమో. తల సగం ఊపింది కూడా. కానీ అంతలో వేదిక మీద మా బావ మైకు తీసుకున్నాడు. ఆయనకు మైకు అవసరమే లేదు, అయినా తీసుకున్నాడు.

"నా బిడ్డ గింత పెద్ద దాంట్ల ఫస్టొచ్చిందట. నాకు చెప్పలే. మగ్గాలల్ల పడి బాపుకు చెవులు పోయినయ్, చెప్పినా వినవడదనుకున్నదేమో." తలుపు వైపు తిరిగాడు. "బిడ్డా, నువ్వు చెప్తె నాకు వినవడతది."

మల్లిక నా చేయి వదిలింది. తిన్నగా వేదికెక్కి, మైకు తీసి బల్ల మీద పెట్టి, తండ్రి చెయ్యి పట్టుకుని ఫ్లెక్సీ వెనక్కి తీసుకుపోయింది.

ఇరవై అడుగుల ఫ్లెక్సీకి నేను చేసిన ఒకే ఒక్క మంచి, నేల నుంచి జానెడు ఎత్తులో కట్టడం. అడుగున రెండు జతల పాదాలు కనబడుతున్నాయి. బావ తోలు చెప్పులు, మల్లిక తెల్ల బూట్లు, ఎదురెదురుగా. కాసేపు కదలలేదు. తర్వాత చెప్పులు రెండడుగులు వెనక్కి పోయాయి. ఒక చెప్పు ఊడిపోయినా పాదం దాన్ని వెతుక్కోలేదు. బూట్లు ఉన్నచోటే ఉన్నాయి. నేను నలభై ఎనిమిదేళ్లలో అంత భయపడి ఎవరి కాళ్లూ చూడలేదు.

ఇక్కడ ఇంకో ఉపద్రవం మొదలైంది. నా ముందు క్యూ.

"మావోనికి లెక్కలు రావు, ఎల్‌జీబీటీల సీటిప్పిస్తవా?" అంటాడు ఒకడు.

"హాస్టలు గూడ వాళ్లదేనా అన్నా?" అంటుంది ఇంకొకామె.

"నా ఇద్దరు బిడ్డల పేర్లు రాయి, ఎన్కముందు కాకుండ." అరవై మంది నిలబడ్డారు. సగం చేసుకోండి, అయినా ముప్పై మంది. అధ్యక్షుడు నర్సయ్య కూడా వేదిక దిగొచ్చి, గీత గీసినట్టు క్యూ చివర నిలబడ్డాడు. నేను పేర్ల కాగితం పట్టుకుని క్యూను చూడలేక, పాదాలను చూడకుండా ఉండలేక, మెడ పట్టేసిన కొంగలా తిరుగుతున్నాను.

ఫ్లెక్సీ కింద చెప్పులేని పాదం ఒకడుగు ముందుకేసింది. ఇంకొకటి. చివరికి నాలుగు పాదాలూ ఒకేచోట కిక్కిరిసిపోయాయి.

బావ బయటికొచ్చాడు, ఒక కాలికి చెప్పు లేకుండా. కళ్లు ఎర్రగా ఉన్నాయి.

"బామ్మర్దీ, కలమున్నదా?"

ఇచ్చాను. నన్ను వెనక్కి తిప్పి, నా వీపు మీద మల్లిక క్యాంపు కాగితం పెట్టి సంతకం చేశాడు. వీపులోకి దిగేలా చేశాడు. దిగాల్సిందే.

"సగం సమజైంది, సగం కాలే," అన్నాడు. "మిగిలింది మెల్లగ చెప్తనన్నది. నా కడుపుమంటంత వేరే. ఎవ్వరు దొరకనట్టు నీకు చెప్పిందేంది?"

క్యూను చూసి మల్లిక అడిగింది. "మామా, వీళ్లకెవరు చెప్తరు?"

"తప్పు నాది, నేనే చెప్త."

"వద్దు. నువ్వు మాత్రం చెప్పకు."

ఆ పిల్లే మైకు తీసుకుంది. లీడర్‌షిప్ క్యాంపు ఇంకా మొదలే కాలేదు. అయినా ఇది పరీక్ష కాదని, ఎలాంటి పిల్లల పేరో, ఆ పిల్లలు ఎంత ఒంటరిగా ఉంటారో చెప్పి, క్యాంపు నుంచి వచ్చాక వాళ్లకోసం ఒక గ్రూపు పెడతానంది. వాళ్లలో తానూ ఉన్నానంది. వెనక వరసల్లో పిల్లలు అప్పుడు కొట్టారు చప్పట్లు.

క్యూ కరిగిపోయింది. ఒకాయన "రామ రామ" అంటూ చెప్పులేసుకున్నాడు. ఇంకొకాయన సగం దూరం పోయి, భోజనాలు ఉన్నాయా లేదా అని కనుక్కోవడానికి వెనక్కొచ్చాడు. ఒక ముసలామె వేదికెక్కి, ఏమీ అడగకుండా మల్లికకు శాలువా కప్పి దిగిపోయింది. చూస్తుండగానే క్యూలో ఒక్క మనిషి మిగిలాడు. నర్సయ్య.

దగ్గరికొచ్చి, నా చేతిలోని కాగితం మడిచి నా జేబులోనే పెట్టాడు.

"పరీక్ష గాదని నాకు మొదటే ఎరుకే," అన్నాడు మెల్లగా. "అందుకే ఆఖరుకు నిలవడ్డ. పేరు రాయకు. గా పిల్ల గ్రూపు ఎప్పుడు వెడ్తదో, ఏడ వెడ్తదో చెప్పు. మావోడు వాని అంతట వాడే వస్తడు."

ఆ గ్రూపు ఇప్పుడు నా దుకాణం పై గదిలో ఆదివారాలు కూడుతుంది. మల్లిక నడుపుతుంది. చాయ్ నాది. ట్రే పట్టుకుని నాలుగో మెట్టు దాకా రావచ్చు, అక్కడినుంచి తలుపు కొట్టాలి. ఐదో మెట్టుకు సరిపడా నమ్మకం వాళ్లకు నా మీద ఇంకా కుదరలేదట.

అందుకని ఇందుమూలంగా ప్రమాణం చేస్తున్నాను. అర్థం తెలియని అక్షరాన్ని అడుగు కన్నా పెద్ద సైజులో అచ్చేయించను. ఎవరి ముచ్చటైనా వాళ్ల నోటితో వాళ్లు చెప్పేదాకా, అది పదో తరగతి ఫలితమైనా, కిడ్నీలో రాయైనా, నా నోటితో గానీ ఫ్లెక్సీతో గానీ చెప్పను.

ఇక ఇందులో ఏది కల్పించానో ఒప్పుకోవాలి. ఫ్లెక్సీ ఇరవై అడుగులు కాదు, ఎనిమిది. లేసు చుట్టలు నాలుగు. మగ్గాలు ఎన్ని ఆగాయో లెక్కపెట్టలేదు. వీటికి మీరు ముందే సగం కట్ చేసుకున్నారు కాబట్టి ఇవి లెక్కలోకి రావు. అసలు కల్పించింది ఒక్కటే. క్యూ చివర నిలబడింది అధ్యక్షుడు కాదు. మా అధ్యక్షుడు ఆరోజు సభకే రాలేదు, ఆయన నవ్వితే భలే నవ్వుతాడు కూడా. నిలబడిన మనిషి మాత్రం నిజం, అన్న మాటలూ నిజం. ఆ మాటలన్నది ఎవరో మల్లికకు చెప్పలేదు, సరోజనకు చెప్పలేదు.

మీకు అసలే చెప్పను.