పాట టీచరు గౌను

ఒమాన్‌లో, అల్ ఖౌద్‌లోని మా టైలర్ షాపుకు వచ్చే ఆడవాళ్ళు కొలతలు ఇచ్చేవాళ్ళు కాదు, కొలతకు పాత బట్ట ఇచ్చేవాళ్ళు. అక్కడి పద్ధతి అది. జాకెట్టయినా పంజాబీ డ్రెస్సయినా ఒక పాతది తెచ్చి బల్ల మీద పెట్టి, ఇలాగే కుట్టమని చెప్పి వెళ్ళిపోయేవాళ్ళు. మేము టేపును బట్ట మీద పెట్టేవాళ్ళమే గాని మనిషి మీద పెట్టేవాళ్ళం కాదు. తొంభైల మొదట్లో ఆ పద్ధతి వల్లే నా చేతిలో ఒక మంచి పట్టుగుడ్డ దాదాపు పాడయినంత పనయింది.

షాపులో కుట్టేవాళ్ళం ఇద్దరమే. నేను కరీంనగర్ జిల్లా నుంచి వచ్చినవాణ్ణి, అప్పటికి నాకు ఇరవై ఎనిమిదేళ్ళు. రెండో ఆయన హైదరాబాద్ పాతబస్తీ మనిషి, యాభై దాటినవాడు, కటింగ్ మాస్టర్. అందరూ ఆయన్ను ఉస్తాద్ అనేవాళ్ళు, నేనూ అంతే. ఇంట్లో ఆయనది ఉర్దూ, నాతో మాత్రం తెలుగే మాట్లాడేవాడు. మబేలాలో ఒకే రూములో ఉండేవాళ్ళం. పొద్దున కలిసి డ్యూటీకి వచ్చి, మధ్యాహ్నం ఒంటి గంటకు షట్టర్ దించి, నాలుగింటికి మళ్ళీ తెరిచేవాళ్ళం. మా పనిలో ముప్పాతిక వంతు దిష్‌దాషాలే, అంటే ఒమానీ మగవాళ్ళు తొడుక్కునే పొడుగాటి తెల్లచొక్కాలు. మిగతాది స్కూలు యూనిఫారాలు, పరదాలు, అప్పుడప్పుడు చీరల మీదికి జాకెట్లు.

ఆ షాపుకు ఒక సాయంత్రం ఇద్దరు ఆడవాళ్ళు వచ్చారు. ఒకావిడ తెల్లజాతి మనిషి, పొడుగ్గా, బలంగా ఉంది. దగ్గర్లోని యూనివర్సిటీలో పాట నేర్పే టీచరు. రెండో ఆవిడ గోవా నుంచి వచ్చి అక్కడే ఒక స్కూల్లో పనిచేస్తోంది, పియానో వాయిస్తుంది. ఆవిడకు హిందీ బాగా వచ్చు. పదిహేను రోజుల్లో యూనివర్సిటీలో పాట కచేరీ ఉందని, దానికి గౌను కావాలని ఆవిడే చెప్పింది. పాట టీచరు సంచిలోంచి నేరేడుపండు రంగు పట్టుగుడ్డ తీసి బల్ల మీద పరిచింది. దాంతోపాటు కొలతకు ఒక పాత గౌను ఇచ్చింది. "నేను ఇది వేసుకుని పాడతాను" అని ఇంగ్లీషులో నెమ్మదిగా, రెండుసార్లు చెప్పింది. పదో తరగతి ఇంగ్లీషుతో నాకు అర్థమైంది. తల ఊపాను. పాడితే గౌనుకేమిటి సంబంధం అని మాత్రం నాకు తట్టలేదు, ఉస్తాద్‌కూ తట్టలేదు.

కటింగ్ ఉస్తాద్ చేశాడు, కుట్టింది నేను. పాత గౌనుకు నూలుపోగంత తేడా లేకుండా దించాను. జిప్పు విషయంలో మాత్రం ఉస్తాద్ పట్టుబట్టాడు.

"కొత్త జిప్పులు ప్లాస్టిక్‌వి తమ్మీ, నాలుగు రోజులు నడవయ్. డ్రాయర్ల ఇత్తడిది ఉన్నది సూడు, అది ఎయ్" అన్నాడు.

వేశాను.

వారం తరువాత ట్రయల్‌కు వచ్చారు. పరదా వెనక తొడుక్కుని పాట టీచరు బయటికి వచ్చి అద్దం ముందు నిలబడింది. నిజం చెప్పాలంటే అంత శుభ్రమైన కుట్టు నేను అంతకుముందు కుట్టలేదు. ఎక్కడా ముడత లేదు. ఉస్తాద్ గడ్డం సవరించుకుంటూ నావైపు చూసి కళ్ళతోనే మెచ్చుకున్నాడు. ఆవిడ కూడా నవ్వింది. తరువాత రెండు కాళ్ళూ కాస్త ఎడంగా పెట్టి, భుజాలు కదలకుండా, ఊపిరి పీల్చింది. అంతే, ఎడమ పక్కన చంక కింది నుంచి నడుం దాకా పర్రుమని కుట్టు ఊడిపోయింది. ఒక చోట గుడ్డ కూడా రెండంగుళాలు చిరిగింది.

గోవా ఆవిడ గబగబా తన చున్నీ తీసి ఆ చిరుగు మీద కప్పింది. నాకు తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. నాలుగేళ్ళ సర్వీసులో ఒక్క బట్ట కూడా వెనక్కి రాలేదని ఊళ్ళో చెప్పుకునేవాణ్ణి.

"ఏం కుట్టినవ్ర నువ్వు? మార్జిన్ ఇడ్వలేదా?" అని ఉస్తాద్ అందరి ముందే గట్టిగా అరిచాడు.

"ఇడ్సిన ఉస్తాద్. నమూనా ఎట్లున్నదో గట్లనే ఉన్నది, కొల్సి సూడుండ్రి."

పాట టీచరు చెయ్యి అడ్డం పెట్టింది. ఆయన్ను అరవద్దని, తప్పు తనదేనని, కొలతకు ఇచ్చింది విందులకు వేసుకునే గౌను అని, దాన్ని వేసుకుని తను ఎప్పుడూ పాడలేదని చెప్పింది. గోవా ఆవిడ హిందీలో మాకు వివరించింది. తరువాత పాట టీచరు మా టేపు అడిగి తీసుకుని పరదా వెనక్కి పోయి, తన బట్టలు కట్టుకుని వచ్చింది. టేపును తనే పక్కటెముకల చుట్టూ చుట్టుకుంది. చివరలు గోవా ఆవిడ పట్టుకుంది. మామూలుగా నిలబడితే ముప్పైరెండు. ఊపిరి నిండా పీల్చేసరికి గోవా ఆవిడ వేళ్ళ మధ్య నుంచి టేపు జారుకుంటూ ముప్పైఅయిదు దాటింది. ఛాతీ పైభాగం మాత్రం ఏమీ కదలలేదు. పెరిగిందంతా కింద, పక్కలకు, వీపు వైపుకు.

ఇన్నేళ్ళుగా నేను కుట్టిన బట్టలన్నీ ఊపిరి బిగబట్టిన మనుషుల కోసం కుట్టినట్టు అనిపించింది.

ఉస్తాద్ చాలాసేపు చిరుగును చూస్తూ కూచున్నాడు. కోపం పోయింది, పని గుర్తుకొచ్చింది ఆయనకు.

"కుర్తాకు చంక కింద ముక్క ఏస్తం గద, చెయ్యి లేపనీకి? గా ముక్కనే నడుం దాక దింపు. సాగే గుడ్డ ఏసి, మీదికెళ్ళి పట్టు మడతపెట్టు. ఊపిరి తీస్తె ఇచ్చుకోవాలె, ఇడిస్తె మూసుకోవాలె. చిరిగిందంత మడతల పోతది" అన్నాడు.

శుక్రవారం నేను హమ్రియా బజారుకు పోయి గుడ్డల షాపులన్నీ తిరిగాను. నేరేడు రంగులో సాగే గుడ్డ దొరకలేదు, నలుపే దొరికింది. మడత మూసుకుంటే కనపడదు కదా అని అదే తెచ్చాను. రెండు పక్కలా ఊడదీసి, మూడు రోజులు దాని మీదే కూచున్నాను.

రెండో ట్రయల్‌కు వచ్చినప్పుడు ఆవిడ ఊపిరి తీసి ఊరుకోలేదు, పాడి చూస్తానంది. ఆడమనిషి షాపులో పాడితే అర్బాబ్, అంటే షాపు యజమాని, ఏమంటాడోనని ఉస్తాద్ భయపడి, షట్టరు సగం దించాడు. దించినందువల్ల లాభం లేకపోయింది. ఆ గొంతు మా చిన్న గదిలో పట్టలేదు. అలమారా అద్దం జివ్వుమంది. పక్క కిరాణా కొట్టు మలయాళీ ఆయన వంగి షట్టరు కింది నుంచి తొంగి చూశాడు. ఆవిడ పాడింది ఒక్క చరణమే అనుకుంటా. మడతలు విచ్చుకున్నాయి, మూసుకున్నాయి, ఒక్క పోగు తెగలేదు.

"ఏం పాట ఇది?" అని గోవా ఆవిడను హిందీలో అడిగాను.

ఒపెరా అని ఒక రకం నాటకం ఉంటుందని, అందులో మాట్లాడడం కూడా పాటేనని, ఇది అందులో ఒక పాత్ర ఒంటరిగా నిలబడి పాడే పాట అని చెప్పింది. మా ఊళ్ళో బాగోతం ఆడేవాళ్ళు కూడా అంతే, రాజు కోపమొచ్చినా పాడతాడు, ఆకలేసినా పాడతాడు. నాకు అంత కొత్తగా అనిపించలేదు. పోయేటప్పుడు ఆవిడ మాకు రెండు కార్డులు ఇచ్చింది. గురువారం సాయంత్రం, తప్పకుండా రావాలంది.

"మనకేం సమజైతది తమ్మీ?" అన్నాడు ఉస్తాద్.

"పాట కోసం కాదు ఉస్తాద్. కుట్లు ఆగుతయో లేదో సూడద్దా?"

ఆ మాటకు ఆయన లేచాడు. అందరికీ కుట్టే మా ఇద్దరికీ అలాంటి చోటికి వేసుకుపోదగ్గ బట్టలు లేవు. నేను పెళ్ళినాటి ప్యాంటు, తెల్లచొక్కా వేసుకున్నాను. ఉస్తాద్ పండగకు తొడిగే కుర్తా, టోపీ. గేటు దగ్గర కాపలావాడు కార్డులు తిప్పి తిప్పి చూసి లోపలికి వదిలాడు.

హాల్లో నూటయాభై మంది ఉంటారు. ప్రొఫెసర్లు, వాళ్ళ భార్యలు, కోట్లు వేసుకున్న పెద్దమనుషులు, కొందరు ఒమానీ విద్యార్థులు. మేము పక్క వరసలో కూచున్నాం. అక్కడి నుంచి ఆవిడ ఎడమ పక్క, అంటే చిరిగిన పక్కే, బాగా కనపడుతుంది. మా చేతిలో పెట్టిన కాగితంలో పాటల వరస ఉంది. ముందు చిన్న పాటలు, పియానోతో. జర్మన్, ఫ్రెంచ్. ఒక్కో పాట అర్థం ఇంగ్లీషులో రెండు ముక్కల్లో రాశారు. మొదటి పాట అయిపోగానే నేను చప్పట్లు కొట్టాను. హాలు మొత్తంలో నేనొక్కణ్ణే. ముందు వరసవాళ్ళు తిరిగి చూశారు. నాలుగైదు పాటలు కలిపి అయ్యాకే కొట్టాలని తరువాత తెలిసింది.

ఆ సగమంతా నేను పాట వినలేదు, మడతనే చూశాను. ఆవిడ ఊపిరి పీల్చినప్పుడు ఎడమ పక్కన సన్నటి నల్లగీత తెరుచుకునేది. పాడుతున్నకొద్దీ మెల్లగా మూసుకునేది. కొంతసేపటికి నాకొక లెక్క తెలిసిపోయింది. గీత వెడల్పుగా తెరుచుకుంటే రాబోయేది పొడుగు వరస, సన్నగా తెరుచుకుంటే పొట్టిది. ఉస్తాద్ చెవిలో ఆ మాట చెబితే ఆయన కూడా అదే చూడడం మొదలుపెట్టాడు.

విరామంలో జనం టీలకు లేచారు. మేమూ లేస్తుంటే గోవా ఆవిడ పరుగులాంటి నడకతో మా దగ్గరికి వచ్చింది.

"మాస్టర్‌జీ, జల్దీ ఆయియే. జిప్ ఖుల్ గయా."

ఉస్తాద్ ముఖం పాలిపోయింది. పక్క కుట్లు కాదు, ఆయన ఏరి కోరి వేయించిన ఇత్తడి జిప్పు. రన్నరు పైనే ఉంది, కింద పళ్ళు మాత్రం విడిపోయి వీపు మధ్యలో నోరు తెరుచుకుంది. స్టేజీ వెనక గదిలో పాట టీచరు గోడవైపు తిరిగి, వీపుకు శాలువా కప్పుకుని నిలబడి ఉంది. ఉస్తాద్ టోపీ తీసి దాని లోపలి అంచులో గుచ్చిన సూది బయటికి తీశాడు. దానికే నల్లదారం చుట్టి ఉంది. సూదిలో దారం ఎక్కించడానికి మూడుసార్లు చూశాడు, ఎక్కలేదు. అప్పటికే ఆయన చూపు తగ్గుతోంది, ఎవరికీ చెప్పేవాడు కాదు. సూది నా చేతికిచ్చి, తను తలుపువైపు ముఖం తిప్పి నిలబడ్డాడు. పరాయి ఆడమనిషి వీపు చూడకూడదని.

గోవా ఆవిడ గుడ్డను ఒంటికి ఎడంగా ఎత్తి పట్టుకుంది. నేను జిప్పుకు రెండు వైపులా పట్టును దగ్గరకు తీసి కుట్టడం మొదలుపెట్టాను.

"నాలుగు కుట్లకొక ముడి ఎయ్యి" అన్నాడు ఉస్తాద్ తలుపుకేసి చూస్తూనే. "మేడమ్‌ను నిండ ఊపిరి తియ్యమను. తీసినంక కుట్టు. లేకుంటె మల్ల గదే కత."

గోవా ఆవిడ ఇంగ్లీషులో చెప్పింది. ఆవిడ నిండా పీల్చి పట్టుకుంది. నేను నాలుగు కుట్లు వేసి ముడి వేశాను. వదిలింది. మళ్ళీ పీల్చింది. అలా కింది నుంచి పై దాకా వచ్చాను. మధ్యలో ఆవిడ రెండో సగంలో పాడబోయేది నోరు మూసుకునే సన్నగా కూనిరాగం తీస్తోంది. ఆ అదురు గుడ్డలోంచి సూదిలోకి, సూదిలోంచి నా వేళ్ళలోకి వచ్చింది. మిషన్ అదురు నాకు తెలుసు. ఇది అలాంటిది కాదు.

బయట గంట మోగింది. నేను పళ్ళతో దారం తెంపబోయి, తప్పని గుర్తొచ్చి, కత్తెర అడిగాను.

రెండో సగంలో ఆవిడ పాడినవన్నీ ఒపెరా పాటలే. పక్క మడతలు ఆగుతాయని తేలిపోయింది, ఇప్పుడు నా భయమంతా వీపు కుట్ల గురించి, అవి మేము కూచున్న చోటికి కనపడవు. చూడడానికి నాకేమీ లేకపోయింది. కాబట్టి విన్నాను. చివరి పాట ఇటాలియన్‌దట. ఒకావిడ తన మనిషి తిరిగి రాడని కబురు విని కూడా అతని కోసం దీపం తుడుస్తూ పాడుతుందని కాగితంలో ఉంది. భాష ఒక్క ముక్క తెలియదు. అయినా ఒక చోట గొంతు పైకి పోయి, అక్కడే నిలబడి, చిన్నదై చిన్నదై, ఆగిందో లేదో తెలియకుండా ఆగినప్పుడు, నేను ఇంటి నుంచి వచ్చి ఎన్ని నెలలైందో లెక్కపెట్టుకున్నాను. ఎందుకో తెలియదు. పక్కన ఉస్తాద్ టోపీ తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు.

ఈసారి అందరూ కొట్టాకే చప్పట్లు కొట్టాను.

టాక్సీలో మబేలాకు పోయాం. రూము దగ్గర దిగాక ఉస్తాద్, "దమ్మున్నది ఆమెకు" అన్నాడు. తరువాత, "జిప్పు తప్పు నాదే తమ్మీ. నీ మీద ఇంతకుముందు అరిసిన" అన్నాడు. నేను తాళం తీశాను.

మూడు రోజులకు గోవా ఆవిడ గౌను తెచ్చింది. ఆ రాత్రి దాన్ని ఇంటికి పోయి కత్తెరతో కోస్తే గాని విప్పలేకపోయారట. ఉస్తాద్ మంచి కొత్త జిప్పు తనే తెచ్చి, ఎండ వెలుతురు పడేచోట కూచుని, ఒక పూటంతా పట్టి చేత్తో కుట్టాడు. దారం నేను ఎక్కించి ఇచ్చాను. అప్పటి నుంచి ఆ పని రోజూ పొద్దున్నే నేనే చేసేవాణ్ణి, పది సూదులకు దారాలు ఎక్కించి ఆయన బల్ల మీద గుచ్చి పెట్టేవాణ్ణి. ఏడాదికి ఆయన కంటి ఆపరేషన్‌కు హైదరాబాద్ పోయి, అక్కడే కొడుకు షాపులో కూచున్నాడు. పాట టీచరు కాంట్రాక్టు కూడా ఆ ఎండాకాలంతోనే అయిపోయింది.

అప్పట్లో మేము ఇంటికి ఉత్తరాలకు బదులు క్యాసెట్లు నింపి పంపేవాళ్ళం. కచేరీ అయిన మరునాడు, శుక్రవారం మధ్యాహ్నం, రూములో టేప్ రికార్డరు పెట్టుకుని నా భార్యకు జరిగిందంతా చెప్పాను. గౌను, చిరుగు, సూది, అన్నీ. పాట ఎలా ఉందో చెప్పడం చేతకాక, నేనే ఒకసారి పాడి చూపించాను. పక్కన పడుకున్న ఉస్తాద్ పొర్లి పొర్లి నవ్వాడు. ఆ నవ్వు కూడా క్యాసెట్‌లోకి ఎక్కింది. నెల రోజులకు, సెలవుకు ఊరికి పోయి తిరిగొస్తున్నవాడి చేత నా భార్య జవాబు క్యాసెట్ పంపింది. మా పిల్ల బాగుందని, వర్షాలు పడ్డాయని చెప్పి, చివర అంది:

"గా నవ్వింది ఎవరు? నువ్వెందుకు గట్ల ఒర్రినవ్? పిల్ల జడుసుకున్నది. కడుపునొప్పి లేసిందా ఏంది, నిజం చెప్పు."