చిచ్చా నమ్మిన కుస్తీ

పోయిన శుక్రవారం పొద్దున ఎల్లారెడ్డి నుంచి ఫోన్ వచ్చింది. కామారెడ్డిలో మా పక్కింట్లో ఉండే పహిల్వాన్ చిచ్చా, కూతురింటికి వెళ్లినవాడు, నిద్రలోనే పోయాడట. ఫోన్ పెట్టేసి చాలాసేపు టీవీ రిమోట్ కోసం వెతికాను. ఎందుకు వెతికానో నాకే తెలియదు.

మూడేళ్ల కింద నా భార్య పోయింది. బడికి వెళ్లి పాఠం చెప్పి రావడం, ఇంటికొస్తే నోరు విప్పకపోవడం అలవాటైంది. అప్పుడే ఒక సాయంత్రం చిచ్చా వచ్చాడు. తన ఇంట్లో కేబుల్ తీసేశారని, టీవీలో కుస్తీ చూసి పోతానని అన్నాడు. ఆ తర్వాత రోజూ వచ్చాడు.

ఆయన ఆషామాషీ మనిషి కాదు. మా వైపు జాతర పోటీలు గెలిస్తే కొబ్బరికాయ ఇచ్చే కుస్తీతో మొదలై వెండి కడియం ఇచ్చే కుస్తీతో ముగుస్తాయి. వయసులో ఉన్నప్పుడు నాగిరెడ్డిపేట నుంచి పిట్లం దాకా ఆ కడియం ఆయనదే. చెవులు నలిగి నలిగి ముద్దకట్టి ఉండేవి. అలాంటి మనిషి, టీవీలో వాళ్లు కుర్చీలతో కొట్టుకుంటుంటే "నడుమిరిగింది సారూ" అంటూ లేచి నిలబడేవాడు.

నాకు ఒళ్లు మండేది. అదంతా ముందే మాట్లాడుకుని ఆడే ఆట అని చెప్పేవాడిని. ఒకసారి పరుపు కింద వేసి, దెబ్బ తగలకుండా ఎలా పడతారో నేనే పడి చూపించాను. ఆయన చెయ్యిచ్చి లేపి, నా చొక్కా దులిపి, "మరి వాడెందుకు ఏడుస్తుండు?" అన్నాడు. ఇంక గంటసేపు గొడవ. ఆ గొడవలోనే అన్నం వండేవాడిని, ఇద్దరం తినేవాళ్లం. ఇంత పెద్ద పహిల్వాన్‌కి ఇంత అమాయకత్వమేమిటని జాలిపడ్డాను కూడా.

ఎల్లారెడ్డిలో మట్టి వేసి వచ్చాక ఆయన కూతురు చాయ్ ఇచ్చింది. మాటల్లో ఆ టీవీ కుస్తీ సంగతి నేనే ఎత్తాను. ఆమె వింతగా చూసింది. ఆమె ఇంటికి వచ్చినప్పుడు టీవీలో అది కనబడితే బందు పెట్టించేవాడట. నూరా కుస్తీ అని, అంటే ముందే కుదుర్చుకున్న దొంగ కుస్తీ అని తిట్టేవాడట. మరి మా ఇంట్లో రోజూ చూసేవాడు కదమ్మా అన్నాను.

"సార్ ఒక్కడే ఉంటడు, కొట్లాడితేనన్న మాట్లాడుతడు అంటుండె."

చాయ్ గ్లాసు కింద పెట్టి లేచాను. మూడేళ్లు నన్ను నమ్మించాడు. కామారెడ్డి దాకా బస్సులో కిటికీ వైపు తిరిగి కూర్చున్నాను.

నిన్న సాయంత్రం టీవీ పెట్టాను. ఒకడు తాళ్ల మీది నుంచి వెల్లకిలా పడ్డాడు. "నడుమిరిగింది చిచ్చా" అన్నాను, పక్కింటికి వినబడేంత గట్టిగా. ఎదుటి కుర్చీలోంచి ఎవరూ లేవలేదు.