మాతకు చిన్నాయన ఇచ్చిన జుట్టు

నా చిన్నప్పుడు కొన్నాళ్ళు బడిలో నన్నందరూ ‘బోడి’ అనేవాళ్ళు. టైఫాయిడ్ వచ్చి జుట్టంతా రాలిపోయింది మరి. ఆ జ్వరంలో నాకు గుర్తున్నది రెండే. నుదుటి మీద సిస్టరమ్మ చెయ్యి, మంచం పక్కన గొణుక్కుంటూ కూర్చున్న మా జేజి. జేజి అంటే మా నాయనకు అమ్మ. మాది నంద్యాల, ఇంటిల్లిపాదీ మహానందికి పోయేవాళ్ళం. అయినా సిస్టరమ్మల ఆస్పత్రి గోడ మీద మరియమాత పటం చూసి జేజి మొక్కుకుందట. ఈ పిల్ల లేచి తిరిగితే, ఆళ్ళగడ్డ దిక్కు ఒక పల్లెలో జరిగే మాత పండుగలో తలనీలాలు ఇప్పిస్తానని.

నేను లేచి తిరిగాను. జుట్టూ మళ్ళీ వచ్చింది. అది రిబ్బను కట్టేంత పెరిగేసరికి జేజికి మొక్కు గుర్తొచ్చింది. తనేమో తుంటి ఎముక విరిగి మంచం దిగలేదు. “మొక్కు తీరకుండా నేను పోతే ఈ పిల్లకు మళ్ళా ఏమన్నా అయితాది” అని ఆమె దిగులు. మళ్ళీ బోడి అనిపించుకోవాలని నా దిగులు. నన్ను తీసుకుపోయే పని మా చిన్నాయన మీద పడింది.

చిన్నాయన నాపరాళ్ళ లారీ నడిపేవాడు. ఆయన తిరగని ఊరు లేదు, మొక్కిన దేవుడూ లేడు. మహానందికి వచ్చినా బయట బోండాలు తిని కూర్చునేవాడే గాని లోపల అడుగు పెట్టేవాడు కాదు. దేశమంతా తిరిగినా తనకు ఏ దేవుడూ ఎదురు రాలేదని, వచ్చినవన్నీ లారీలేనని అనేవాడు. ఆయన భక్తంతా తన జుట్టు మీదే. నొక్కుల క్రాపు చెదిరితే అది సర్దుకునేదాకా ఎవరితోనూ మాట్లాడేవాడు కాదు.

బస్సులో నా ఏడుపు మొహం చూసి నవ్వాడు. “నీ జడ మీద కత్తి పడనీన్లే. బొరుగులు తిని వచ్చేద్దాం. నిన్ను లేపింది సూదిమందు, మాత గాదు” అన్నాడు. నాకు పోయిన ప్రాణం తిరిగొచ్చినట్టయింది.

ఆళ్ళగడ్డలో దిగి శనగచేల మధ్య నడిచాం. ఊరంతా రంగు కాగితాల తోరణాలు. గుడి మీద శిలువ, గుడి ముందు కొబ్బరికాయల కుప్ప, అగరొత్తుల పొగ, గాజులమ్మే సాయిబు చుట్టూ ఆడపిల్లలు. నీలం పట్టుచీర కట్టిన మాత తేరు మీద నిలబడి ఉంది. చిన్నాయన అన్నిటినీ ఎగాదిగా చూశాడు. జనానికి దారి చూపుతున్న ఉపదేశిని, అంటే ఆ ఊళ్ళో జపాలు చెప్పించే పెద్దాయనను, నిలబెట్టి అడిగాడు. “ఏందిప్పా ఇది? తేరుంది, టెంకాయలున్నాయి, గుండ్లున్నాయి. మా తిరునాళ్ళకూ దీనికీ తేడా యాడుంది?”

ఉపదేశికి కోపం రాలేదు. “అమ్మ దగ్గరికి వస్తాండాం. మాకు తెలిసిన తీరునే వస్తాండాం. తేడా ఎందుకప్పా?” అని పనిలో పడిపోయాడు.

పక్కనే పందిట్లో గుండ్లు గీస్తున్నారు. నా ఈడు పిల్ల తల వంచి కూర్చుంది, వాళ్ళమ్మ గంధం గిన్నె పట్టుకుని నిలబడింది. నేను జడ ముందుకు వేసుకుని రెండు చేతులా పట్టుకున్నాను. చిన్నాయన నన్ను బొరుగుల అంగడి వైపు నడిపించాడు. నాకు తినబుద్ధి కాలేదు. “జేజికి ఏం చెబుదాం చిన్నాయనా?” అని అడిగాను.

రద్దీ ఎక్కువని చెబుదామన్నాడు. వచ్చే ఏడు అందామన్నాడు. తర్వాత మాటలు ఆపేసి ఉపదేశి దగ్గరికి తిరిగి వెళ్ళాడు. “మొక్కింది మాయమ్మ. ఈ పిల్లకు జడంటే ప్రాణం. నాకా, ఈటిమీద నమ్మకం లేదు. నా జుట్టు పనికొస్తాదా?”

“నమ్మింది మీయమ్మ గదా. నువ్వు ఆమె కొడుకువే గదా. కూచోప్పా” అన్నాడాయన.

తల తడిపారు. నొక్కులు ఒళ్ళో రాలుతుంటే చిన్నాయన కళ్ళు గట్టిగా మూసుకున్నాడు. నేను కోరుకున్నదే జరిగింది, అయినా వెక్కి వెక్కి ఏడ్చాను. కొవ్వొత్తి నా చేతికిచ్చి లోపలికి పంపాడు, తను మాత్రం రాలేదు. తేరు మలుపు తిరుగుతుంటే ఊరుకోలేక, “ఎడమకు కొట్టండప్పా, చక్రం కాలవలో పడతాది!” అని గుండుతోనే అందరికంటే పెద్దగా అరిచాడు.

ఇంటికొచ్చి జేజి మంచం ముందు తలకు చుట్టుకున్న తువ్వాలు తీశాడు. జేజి నా జడ చూసింది, ఆయన గుండు చూసింది. తిడుతుందనుకున్నాను. ఆమె కొడుకు తలను దగ్గరికి లాక్కుని అరచేత్తో నిమిరింది. “నువ్వు యాడా తల వంచవని ఏడ్చేదాన్ని గదరా” అంది. ఆ రోజుతో ఆమె దిగులు పోయింది.

చిన్నాయన చివరిదాకా ఏ గుడి లోపలికీ పోలేదు. ఆయనకు పోవాలనిపించలేదు, జేజి బలవంతపెట్టలేదు. నాకు ఇప్పుడు మనవరాళ్ళున్నారు. దర్గా దగ్గరో, కొండ మెట్ల మీదో, చర్చి ముందో మోకాళ్ళ మీద నడిచేవాళ్ళను చూస్తే నాకూ మా చిన్నాయన లాగే నోరు దురద పెడుతుంది. అప్పుడు దగ్గరికి పోయి ఒక్కటే అడుగుతాను, ఎవరి కోసం మొక్కినావమ్మా అని. వాళ్ళు ఆ పేరు చెప్పాక నేనెప్పుడూ నవ్వలేకపోయాను.