ఉన్న పేరు అడిగే మేడమ్

తార్నాక వైద్య గ్రంథాలయం మేడమ్ పోయారు. మొన్న ఆదివారం హబ్సిగూడలో టిఫిన్ సెంటర్ ముందు ఇడ్లీ పార్సిల్ కోసం నిలబడి ఉంటే, యూనివర్సిటీలో నాతో చదివిన స్నేహితురాలు ఎదురుపడి చెప్పింది. "మేడమ్ పోయిందే. గుండెపోటట." నాకు ఏడుపు కన్నా ముందు ఒక అనుమానం వచ్చింది. గుండెపోటని ఎవరన్నారు? ఏ రకం గుండెపోటు? మేడమ్ ఉంటే ఆ ఒక్క మాటతో ఊరుకునేవారు కాదు, తన చావు సంగతైనా సరే. ఆ తర్వాత రోడ్డు మీదే ఏడ్చాను.

మీలో చాలామందికి ఆవిడ ఎవరో తెలియదు. పేరు చెప్పినా తెలియదు, అందుకే చెప్పడం లేదు. అక్కడికి వచ్చే డాక్టర్లూ విద్యార్థులూ కూడా ఆవిడను మేడమ్ అనే పిలిచేవారు.

నేనప్పుడు అడిక్‌మెట్‌లో గది తీసుకుని యూనివర్సిటీలో చరిత్ర పరిశోధన చేస్తున్నాను. పాత హైదరాబాదులో కలరా నా అంశం. మా లైబ్రరీలో నవాబులు దొరికారు గానీ కలరా దొరకలేదు. క్యాంపస్ లోపలి నుంచి నడుచుకుంటూ తార్నాక వెళ్ళి, వైద్య గ్రంథాలయం తలుపు తోసి, "కలరా మీద ఏమన్నా ఉందా?" అని అడిగాను. మేడమ్ కళ్ళజోడు తీసి నన్ను పరీక్షగా చూశారు.

"కలరా మీద అల్మారా నిండ ఉన్నది. నీకు దాంట్ల ఏం గావాలె? జవాబు తర్వాత. ముందుగాల నీ ప్రశ్న ఏందో చెప్పు బిడ్డా."

నా దగ్గర ప్రశ్న లేదని నాకు ఆ క్షణంలోనే తెలిసింది. మా గైడు కూడా అప్పటిదాకా అడగలేదు.

ఆవిడ పుస్తకాన్ని ఎప్పుడూ వెనక నుంచి తెరిచేవారు. చివరి పేజీల్లోని పదసూచిక చదివితే రాసినవాడి బుర్రలో ఏముందో తెలిసిపోతుందని నమ్మకం. కొత్త పుస్తకం వస్తే ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసిగానీ ముద్ర వేసేవారు కాదు. మధ్యాహ్నం డబ్బా తెరిస్తే పచ్చిపులుసు ఘుమఘుమలు పక్క గదిదాకా వచ్చేవి. నాకు ఒక గిన్నె తప్పనిసరి. తింటూ తింటూ ఏదో ఒకటి అడిగేవారు. ఎదుటివాడు ఆవులిస్తే మనకెందుకు ఆవులింత వస్తుంది? కుడిచెయ్యి తిమ్మిరెక్కినప్పుడు చీమలు పాకినట్టే ఎందుకుంటుంది, దోమలు కుట్టినట్టు ఎందుకుండదు? నేను తెలియదంటే ఆవిడకు పండగ. ఇద్దరం కలిసి వెతకొచ్చు కదా.

ఆ రోజుల్లోనే కంప్యూటరూ సీడీలూ వచ్చాయి. ప్రపంచంలోని వైద్య పత్రికల్లో ఏ వ్యాసం ఎక్కడ పడిందో చెప్పే సూచిక, అంతకుముందు గోడంత అల్మారాలో ఉండేది, పళ్ళెమంత బిళ్ళలోకి కూడా కాదు, అరచెయ్యంత బిళ్ళలోకి వచ్చేసింది. దానితోపాటు మందుల మీద లావుపాటి కొత్త గ్రంథం కూడా వచ్చింది. కంప్యూటర్ గదికి ఏసీ పెట్టారు, బయట చెప్పులు విడిచి లోపలికి వెళ్ళాలని కాగితం అంటించారు. దుమ్ము భయమని చెప్పారు గానీ, గుళ్ళోకి వెళ్ళినట్టే ఉండేది. మొదటిరోజు అందరూ గుండె, కేన్సర్ అని పెద్ద పెద్ద జబ్బులు వెతికితే, మేడమ్ చింతపండు వెతికారు. దాని మీదా ఎవరెవరో పరిశోధన చేశారట. ఆ వారమంతా పచ్చిపులుసు పోస్తూ అదే చెప్పారు.

ఇక మా అక్క సంగతి. కాచిగూడలో కాపురం. తొలిచూలు. ఒక సాయంత్రం నా గదికొచ్చి మంచం మీద కూలబడింది.

"మా అత్తమ్మ గోలీ బంద్ చెయ్యమంటున్నదే. కడుపుతోని ఉన్నోళ్లకు ఎవలకైనా కళ్ళు తిరుగుతయి, దానికి గోలీ ఎందుకు, బిడ్డకు దెబ్బ అంటున్నది. నాకు గూడ భయమే. రోజు విడిచి రోజు ఏసుకుంటున్న. నీ లైబ్రరీల జర చూడు."

ఇక్కడ మీకు ఒక మాట చెప్పాలి. మా అక్కకు చిన్నప్పటి నుంచి ఫిట్స్. మా ఇంట్లో ఆ మాట ఎవరూ అనేవారు కాదు. బడిలో పడిపోయిన రోజు అమ్మ "కళ్ళు తిరిగినయి" అంది. అప్పటినుంచీ అదే పేరు. పెళ్ళిచూపుల్లో కూడా "అప్పుడప్పుడు కళ్ళు తిరుగుతయి, గోలీ ఏసుకుంటది" అనే చెప్పారు. అబద్ధమాడామని మేము ఏనాడూ అనుకోలేదు. ఏళ్ళ తరబడి అలాగే అనుకుని మేమూ నమ్మేశాం. అక్క అత్తగారు ఆ మాటను నమ్మింది, పాపం. గర్భిణికి కళ్ళు తిరగడం వింతేముంది?

మర్నాడు మేడమ్‌తో నేనూ అదే అన్నాను. ఆవిడ "కళ్ళు తిరగడం, గర్భం" అని కంప్యూటర్‌లో కొట్టారు. వ్యాసాలు కుప్పలుగా వచ్చాయి. మామూలే, భయం లేదు, పడుకుంటే సర్దుకుంటుంది. నాకు ప్రాణం కుదుటపడింది. మేడమ్‌కు మాత్రం పడలేదు.

"కళ్ళు తిరిగితే రోజూ గోలీ ఎవరిస్తరు? ఏం గోలీ అది?"

పేరు చెప్పాను. కొత్త గ్రంథాన్ని అలవాటుగా వెనక నుంచి తెరిచి, వేలుతో వెతికి, ఆ పేజీ తీశారు. చదివారు. మళ్ళీ చదివారు. నేను తల వంచుకున్నాను. కోప్పడతారనుకున్నా. కుర్చీ నావైపు తిప్పి మెల్లగా అన్నారు.

"యంత్రానికి మర్యాద తెల్వది బిడ్డా. ఉన్న పేరు చెప్తెనే పలుకుతది. మీ అక్కను తోలుకరా. నువ్వు జెప్పుడు గాదు, ఆమెనే చెప్పాలె."

అక్క రానంటూనే వచ్చింది. చెప్పులు విడిచి, కొంగు భుజం నిండా కప్పుకుని, కుర్చీ అంచున కూర్చుంది. మేడమ్ తను పక్కకు జరిగి కీబోర్డు అక్క ముందుకు తోశారు. అక్క చాలాసేపు దాన్నే చూసింది. తర్వాత చూపుడు వేలితో, అక్షరం అక్షరం వెతుక్కుంటూ, తన జబ్బు పేరు ఇంగ్లీషులో కొట్టింది. మా ఇంట్లో నోటితో అనని మాట తెర మీద కనిపించింది. గర్భం అన్న మాట మేడమ్ కలిపారు.

దొరికినవాటిలో మాకు కావలసింది రెండు ముక్కలు. ఈ గోలీ హఠాత్తుగా మానేస్తే తల్లికీ బిడ్డకీ కూడా ప్రమాదం. ఏ మందు, ఎంత అన్నది డాక్టరే చూసి తేల్చాలి. అక్క అక్కడితో ఆగక ఇంకేవో అడగబోతే మేడమ్ చెయ్యెత్తారు. "మేం మందియ్యం తల్లీ, కాయితం ఇస్తం. గీ కాయితం వట్టుకొని ఇయాల్నే డాక్టర్ దగ్గరికి పోవాలె. అత్తమ్మను గూడ తీస్కపో."

తీసుకెళ్ళింది. డాక్టరమ్మ ముందు, అత్తగారు వింటుండగా, "నాకు ఫిట్స్ ఉన్నది" అంది. బయట బల్ల మీద కూర్చున్న నాకే వినిపించింది, అంత గట్టిగా అంది. బయటికొచ్చాక బస్టాపుకు నడిచాం. బస్సెక్కబోతూ అత్తగారు అక్కతో అంది: "ముందుగాల్నే చెప్తె నేనే యాదికిచేసి ఏపిద్దును గదనే. నేను నీ పానం మీదికి తెస్తుంటి గదనే." ఆ రోజు నుంచి గోలీ, మంచినీళ్ళూ ఆవిడ చేత్తోనే. పాప క్షేమంగా పుట్టింది. ఇప్పుడు బడికి పోతోంది, ఇల్లంతా పీకి పందిరేస్తోంది.

కానీ మేడమ్ పోయారని విన్నప్పటి నుంచి నాకు కనిపిస్తున్నది డాక్టరమ్మ గదీ కాదు, పాపా కాదు, ఆ రోజు కంప్యూటర్ గది. ప్రింటర్ గరగరమంటూ కాగితం కక్కుతోంది. ఇక లేద్దామని నేను అక్క భుజం తట్టాను. అక్క లేవలేదు. తెర మీద వ్యాసాల పేర్ల కింద రాసినవాళ్ళ దేశాలుంటాయి. ఒక్కొక్కటే కిందికి జరుపుతూ కూడబలుక్కుని చదువుతోంది.

"జపాన్‌ల గూడ ఉన్నదా మేడమ్ ఇది?"

"ఉన్నది తల్లీ."

"బ్రెజిల్‌ల? గిదేంది, ఫిన్లాండా? గది యాడుంటది?"

మేడమ్ నవ్వేశారు. "నాకు గూడ సరింగ తెల్వది. చూద్దాం ఆగు." వట్టి కాళ్ళతోనే చదువుకునే హాల్లోకి పరుగెత్తి, పెద్ద అట్లాసు రెండు చేతులా మోసుకొచ్చి కీబోర్డు మీదే పరిచారు. అక్క కొంగు ఎప్పుడో జారిపోయింది, పట్టించుకోలేదు. ఇద్దరి తలలూ ఆ పటం మీదికి వంగి ఉన్నాయి, ఇద్దరి వేళ్ళూ ఉత్తరం వైపు వెతుక్కుంటూ పోతున్నాయి.