మా అన్న వేసుకున్న పెద్ద క్లబ్బు జెర్సీ

ఆ రోజుల్లో నవ్వడానికి కూడా తీరిక ఉండేది కాదు, ఇక రాయడం ఎక్కడ? నలభై ఆరేళ్లు వచ్చేదాకా నాకు అక్షరం ముక్క రాదు. కిందటేడు మా కోడలు పట్టుబట్టి పలక చేతికిచ్చింది. రాయడం వచ్చాక మొదట రాయాలనిపించింది మా అన్న సంగతే. అప్పుడు నాకు ఇరవై రెండేళ్లు. సూరత్‌లో, నవాగామ్‌లోని ఒక లాండ్రీలో ఉతికే పని నాది. రెండు ఫుట్‌బాల్ క్లబ్బుల బట్టలు మా దగ్గరికే వచ్చేవి. ఒకటి ఊళ్లోకెల్లా పెద్ద క్లబ్బు, రెండోది మా పేటలోని చిన్న క్లబ్బు. చెమట వాసన మాత్రం రెండింటిదీ ఒకటే (ఈ మాట పూచీ పడి చెప్పగలను).

మా అన్న చిన్న క్లబ్బుకు గోల్‌కీపరు. జీతానికే ఆడేవాడు. ఎంత బాగా ఆడినా పైకి పోయే దారి మాత్రం దొరకలేదు. ముంబయి క్లబ్బు వాళ్లు ఆటగాళ్లను ఎంచుకోవడానికి వచ్చినప్పుడల్లా వెళ్లేవాడు. టోపీ పెట్టుకున్న సారొకాయన "ఏ క్లబ్బు?" అని అడిగేవాడు. మా వాడు పేరు చెప్పగానే పెన్ను మూసి జేబులో పెట్టుకునేవాడు. బంతి ముట్టుకోకుండానే రెండుసార్లు ఇంటికొచ్చాడు మా అన్న. మూడోసారి నాకు ఒళ్లు మండి, ఉతికి ఆరేసిన పెద్ద క్లబ్బు జెర్సీ ఒకటి తీసి చేతిలో పెట్టాను. "ఒక్క పూట తొడుక్కో అన్నా. పొద్దుగూకే వరకు మల్ల ఉతికి పెడ్త. ఎవలకు ఎరుక?" అన్నాను. దాని వీపు మీద తెల్లగా ఏదో ఉంది. నేను డిజైను అనుకున్నాను. మా అన్నకు అంకెలొచ్చు గానీ అక్షరాలు రావు, అతనూ డిజైనే అనుకున్నాడు.

అది ఆ జెర్సీ గలాయన పేరు. ఆల్థాన్‌లో ఉండే ఇంజనీరు గారబ్బాయి, మన తెలుగువాడే. పెద్ద క్లబ్బులో రెండో గోల్‌కీపరు. మొదటి గోల్‌కీపరుకు జలుబైనా చేయదు కాబట్టి రెండేళ్లుగా బెంచీ మీదే ఉన్నాడు. అందుకే నేను అతన్ని బెంచీ తమ్ముడు అనేదాన్ని. ఎంపికకు అతని పేరూ పంపారట. ఆట మరిచిపోయానేమోనని భయపడి ఆ రోజు వెళ్లనేలేదు. టోపీ సారు వీపు చదివి, ఆ పేరుతోనే మా అన్నను పిలిచి కుర్చీ వేయించాడు. (పెద్దవాళ్లు ఎట్లా పిలిస్తే అట్లా పలకాలి కదా అనుకున్నాడట మా వాడు.) ఆ పూట ఒక్క బంతి కూడా అన్నను దాటి పోలేదు.

మర్నాడు బెంచీ తమ్ముడు లాండ్రీకి వచ్చాడు. నా పని పోయిందనే అనుకున్నాను. "అక్కా, నన్ను ముంబయికి రమ్మన్నారు. నా జెర్సీ నాకంటే బాగా ఆడిందంట కదా" అన్నాడు. నేను ఏడుపు మొదలుపెట్టేసరికి అతనే కంగారుపడి, "ఊరుకో అక్కా, ఆడిందెవరో నేనే చెబుతాను" అని అన్నను వెంటబెట్టుకుని రింగ్ రోడ్‌లో టోపీ సారు దిగిన లాడ్జికి వెళ్లాడు.

సాయంత్రం అన్న వచ్చి గోడకు చేరగిలబడ్డాడు. "నిన్న బాగా ఆడినవ్ అన్నడు గదా టోపీ సారు, నా క్లబ్బు పేరు చెప్పంగనే 'నిన్న గాలి జర ఎక్కువుండె, బాల్ దానంతటదే చేతులకొచ్చింది' అంటుండు."

"మరి ఆ పిలగాడు?"

"'నేను ఆడనే లేదు సార్' అని మొత్తుకున్నడు. 'ఆడకుంటే ఏంది, గా క్లబ్బుల కూసున్నవ్ గదా, రా' అన్నడు."

బెంచీ తమ్ముడు సిగ్గుపడుతూనే ఒప్పుకున్నాడట. ఒప్పుకుని, నేరుగా తన కోచ్ దగ్గరికి వెళ్లి, ఖాళీ అయ్యే తన చోటు మా అన్నకు ఇప్పించాడు. ముంబయికి పోతున్నవాడి మాట కాబట్టి కోచ్ కాదనలేదు.

"గోల్ల నిలవడెటోన్ని, బెంచీ మీద కూసోమంటుండ్రు చెల్లె" అన్నాడు అన్న. ఆ రాత్రి అన్నం సగంలోనే వదిలేశాడు.

"కూసో అన్నా. ఇన్నేండ్లు నిలవడితే ఎవలన్న చూసిండ్రా? ఆడ కూసుంటెనన్న చూస్తరు" అన్నాను. ఆ మాటలో ఎంత నిజముందో, ఎంత అన్యాయముందో అప్పుడు నాకు తెలియదు.

మర్నాడు పొద్దున పెద్ద క్లబ్బుకు మ్యాచ్ ఉంది. ఉతికే బట్టలు అట్లాగే వదిలేసి మైదానానికి పరుగెత్తాను. అన్న బెంచీ చివర, ఫోటో దిగుతున్నట్టు వీపు నిటారుగా పెట్టి కూర్చున్నాడు. కంచె పట్టుకుని నిలబడ్డ ఆ పిచ్చిపిల్లను తలచుకుంటే ఇప్పటికీ నవ్వొస్తుంది, కాస్త ముద్దూ వస్తుంది. చేతులు నొప్పెట్టేదాకా చప్పట్లు కొట్టాను. పక్కనున్న పెద్దాయన, ఇంకా గోల్ పడలేదు బెహెన్, అని హిందీలో మెల్లగా చెప్పాడు.

"తెలుసు కాకా. మా అన్న కూర్చున్నాడు" అని, మళ్లీ కొట్టాను.