చదవకుండా పెట్టిన సంతకం

మా బడి సముద్రానికి దగ్గర. ఆ ఉప్పుగాలికి కిటికీ ఊచలే నిలవవు, ఇక తాళాల సంగతి చెప్పాలా! నేను అక్కడికి హెడ్మిస్ట్రెస్‌గా వెళ్లిన కొత్తలో అందరినీ దారిలో పెట్టేయాలన్న ఆవేశంలో ఉన్నాను. నా నోరు మంచిది కాదు. పీరియడ్ మధ్యలో ఏ టీచరైనా నా గది గుమ్మం దగ్గర కనిపిస్తే చాలు, "క్లాసెవరు చూస్తున్నారు?" అని ఇంతెత్తున లేచేదాన్ని.

ఆ వారం ఏ పాఠం ఎలా చెబుతారో టీచర్లు ఒక పుస్తకంలో రాసి, సోమవారం నా బల్ల మీద పెట్టాలి. నేను చదివి సంతకం చేయాలి. ఆకుపచ్చ సిరాతో టకటకా చేసి పడేసేదాన్ని. చదవడం ఎప్పుడో మానేశాను.

సైన్సు టీచరు రోజూ కావలి నుంచి బస్సులో వచ్చే అమ్మాయి. మూడు వారాలుగా ఆమె పుస్తకం నా బల్ల మీదికి రాలేదు. పిలిచి కారణం అడగాల్సింది. అడగకుండా మెమో ఇచ్చాను. సాయంత్రంలోగా జవాబివ్వకపోతే పై ఆఫీసుకు పంపుతానన్నాను. అది పైకి వెళితే ఆమె సర్వీసు రికార్డులో మచ్చగా ఉండిపోతుంది. ఆ సంగతి నాకు తెలుసు.

బడి వదిలాక ఆమె ఆ పుస్తకం తెచ్చి, పాత పేజీ ఒకటి తీసి నా ముందు పెట్టింది. పాఠం వివరాల నడుమ ఇలా ఉంది: "మేడమ్, ల్యాబ్ బీరువా తాళం తుప్పు పట్టి ఊడిపోయింది. లోపల యాసిడ్ సీసాలున్నాయి. పిల్లలు తీస్తారేమోనని భయంగా ఉంది."

దాని కింద నా సంతకం. తర్వాతి వారం పేజీలోనూ అదే విన్నపం, అదే సంతకం.

"నోటితో చెప్పొచ్చు గదమ్మా!"

"రెండు తూర్లు వచ్చినా మేడమ్. క్లాసెవరు చూస్తున్నారని అరిచినారు. తిరిగి పోయినా. రాస్తే చదవరు, చెప్తే వినరు. ఇంకెట్ట చెప్పేది?"

నాకు తల కొట్టేసినట్టయింది. లేచి ల్యాబ్‌కి నడిచాను. బీరువాకి కొత్త తాళం వేలాడుతోంది.

"మా ఇంటిది మేడమ్," అంది. తాళంచెవి ఆమె మెడలో, ఐడీ కార్డు పక్కన ఉంది.

మెమో వెనక్కి తీసుకున్నాను. మర్నాడు స్టాఫ్ మీటింగులో ఆ రెండు పేజీలూ నేనే చదివి, తప్పు నాదేనన్నాను. మెచ్చుకుంటారనుకున్నాను కాబోలు. లెక్కల సారు ఫ్యాను వంక చూస్తూ కూర్చున్నారు. చాలా బాధేసింది. ఒక్క మీటింగుతో నన్ను నమ్మేయడానికి వాళ్లకేం అవసరం?

అప్పటినుంచి ప్రతి పుస్తకం చదివాకే సంతకం పెట్టాను. సోమవారాలు బరువయ్యాయి. నోరు అదుపులో పెట్టుకోవడం అంతకంటే కష్టమైంది.

వానాకాలం దాటాక ఒకరోజు, మూడో పీరియడ్ నడుస్తుండగా సైన్సు టీచరు గుమ్మంలో నిలబడింది. పాత ప్రశ్న నాలుక చివరిదాకా వచ్చింది. మింగేసి, "రామ్మా, కూర్చో," అన్నాను.

కూర్చోలేదు. మెడలోంచి తాళంచెవి తీసి నా బల్ల మీద పెట్టింది.

"రేపు నేను లీవు మేడమ్. ఇది మీ దగ్గరుంటే నాకు దిగులుండదు."